కాఫీతో నడిచే మిషను

పాలు కలిపిన కాఫీ రంగులో వస్తోంది ఆయిలు, అంటే లోపలికి నీళ్లు దిగాయన్నమాట, తేనెలా ఉండాల్సింది, పొరుగున ఉన్న కాలెర్వో ఈ కట్టెలు చీల్చే మిషన్ని చలికాలమంతా చూరు కారే కొట్టంలో పడేసి ఉంటాడు, అమ్మేటప్పుడు మాత్రం ముసలి గుర్రానికి పళ్లు తోమి సంతకు తోలినట్టు ఎర్రరంగు మెరిసేలా తుడిచి నిలబెట్టాడు, రానీ, పాతదంతా రానీ, హిల్కా బకెట్టు జరిపి మిషన్ని ఇంకాస్త వంచింది, నడుము పట్టేసింది, మెడ మీద దోమ, చేతులనిండా జిడ్డు, కొట్టడానికి లేదు, కుట్టుకో, ఈ ఇంట్లో నన్ను కుట్టనిది ఏముంది గనుక, నడివేసవి పండుగలోపు కట్టెలు చీల్చి పేర్చకపోతే ఎండవు, ఎండకపోతే చలికాలమంతా పొగే తప్ప వేడి ఉండదు, దారిన పోయేవాళ్లంతా కట్టెల వరస చూసే ఇంటికి విలువ కడతారు, ఈ ఏడు తన గోడ పక్కన ఖాళీ చూసి ఒక్కరూ ఏమీ అనలేదు, ఇక్కడ అనకపోవడమే అనడం.

కిటికీ వెనక ఓస్మో కూర్చున్నాడు, చూస్తున్నాడు, చూడక ఏం చేస్తాడు, శీతాకాలం మొదట్లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పోయింది, మాట పోయింది, అదే అనే ముక్క ఒక్కటి మిగిలింది, అన్నం కావాలన్నా అదే, దుప్పటి కప్పమన్నా అదే, మొన్న ఫోను చేసిన మునిసిపాలిటీ పిల్ల, హిల్కాగారూ, వృద్ధుల హోమ్‌లో మీ ఆయనకి ఒక మంచం ఖాళీ అయింది, శుక్రవారంలోగా చెప్పండి, లేకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తాం అంది, ఎందుకూ, నా మొగుణ్ణి నేను చూసుకోలేనా, గొడ్డలి ఒక్కటే కదా నా వల్ల కానిది, దానికి మిషను తెచ్చుకుంటే సరి, అలా అనుకునే నిన్న కాలెర్వో గుమ్మం తొక్కింది, ఓస్మోని ఇంట్లోనే ఉంచుకోవడానికి తొక్కింది, అది మర్చిపోకూడదు.

కాలెర్వో కూర్చోబెట్టి కాఫీ పోశాడు, చూడు వదినా, దుంగను తోసే ఈ కడ్డీ పూర్తిగా లోపలికి వెళ్లాకే ఆయిలు మట్టం చూడాలి, పనయ్యాక కడ్డీ బయట వదిలేశావో, వానకు తుప్పు గుంటలు పడి, ఆయిలు కారకుండా ఆపే సీలుని కొరికేస్తుంది, ఆయిలు మాత్రం ఏటేటా మార్చాల్సిందే అన్నాడు, మరి నువ్వు మార్చావా అంది, నేనా, చెప్పేవాణ్ణి గానీ చేసేవాణ్ణా అని నవ్వాడు, ఆ నవ్వులోనే, అసలు దీన్ని కొత్తలోనే మీ ఆయనా నేనూ చెరిసగం వేసుకుని కొనాల్సింది, దుప్పుల వేటలో అందరం మంట చుట్టూ కూర్చున్నప్పుడు అడిగాను, ఏమన్నాడో తెలుసా మీ ఓస్మో, మా ఇంట్లో ఒకటుందిలేరా, కరెంటు అడగదు, ఆయిలు అడగదు, పొద్దున్నే ఒక కప్పు కాఫీ పోస్తే చీకటి పడేదాకా నడుస్తుంది అన్నాడు, పొట్టలు చెక్కలయ్యాయనుకో, ఇప్పటికీ వేటకెళ్తే ఆ మాట రావాల్సిందే వదినా అన్నాడు, హిల్కా కూడా నవ్వింది, నోరు దానంతటది నవ్వింది, అంటే ఇన్నేళ్లూ కొట్లో, చర్చి మెట్ల మీద వాళ్లు తలాడించి పలకరించినప్పుడల్లా ఆ మిషన్నే చూశారన్నమాట.

కొత్త ఆయిలు పోసి కడ్డీని నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ నడిపితే గాలి పోయి గురక తగ్గింది, ఒక చెయ్యి మీట మీద, ఒక చెయ్యి మీట పక్క బొత్తాం మీద ఉంటేనే కదులుతుంది, ఏ చెయ్యి తీసినా ఆగిపోతుంది, వేళ్లు తెగకుండా ఎవరో ఆలోచించి పెట్టారు, ఇనుము చేసినవాడికి ఉన్నపాటి ఆలోచన మొగుడికి లేకపోయింది, బర్చ్ చెట్టు దుంగ బ్లేడుకు ఆనుకుని ఒక్క క్షణం బిగదీసుకుని పటుక్కున విడిపోయింది, లోపల తెల్లగా, తడిగా, ఇంత తేలికా, దీనికా ఇన్ని ఏళ్లు, ఓస్మో గొడ్డలి ఎత్తేవాడు, తను దుంగ నిలబెట్టేది, చీలింది ఏరేది, మోసేది, పేర్చేది, వరస వంకరపోతే అతను కాలితో తన్ని పడేసేవాడు, మళ్లీ పేర్చవే, నా పరువు తీస్తావా అనేవాడు, తను జ్వరంతో పడుకున్న రోజున, ఏమే, చీకటి పడుతోంది, దుంగలు నడిచొస్తాయా అని వాకిట్లోంచి కేక వేశాడు, లేచింది, ఎందుకు లేచింది, డాక్టరు తన భుజం కీలు అరిగిపోయిందంటే, ఎవరికి అరగదు అన్నాడు, ఈ మిషనుకైనా ఏడాదికోసారి ఆయిలు మార్చాలని రేకు మీద రాసి ఉంది, వేయి దుంగ, లాగు మీట, ఇంకోటి, ఇంకోటి.

తలుపు చప్పుడైంది, ఓస్మో కర్ర పట్టుకుని మెట్టు మీదికి వచ్చాడు, వస్తాడు, తప్పు పట్టడానికి వస్తాడు, వరస చూశాడు, మొదటినుంచి చివరిదాకా, తప్పేం దొరకలేదు, అప్పుడు వాకిలి అవతలికి చూశాడు, జబ్బు పడకముందు అతనే కోసి వేసిన కుప్ప, వంటింటి పొయ్యికి పొట్టి దుంగలు, అతని మంచం ఆనుకుని ఉండి గదిని వెచ్చబెట్టే ఇటుకల పొయ్యికి పొడుగువి, పొట్టివన్నీ అయిపోయాయి, పొడుగువి ఒక్కటి కదల్లేదు, వాటి చుట్టూ గడ్డి మొలిచింది, ఎడమచేతి కర్ర ఎత్తి చూపించి అదే అన్నాడు, అవీ చేస్తాలే, రేపు అంది, అతను ఆమె మొహంలోకి చూశాడు, దుంగను చూసి ఎక్కడ చీలుతుందో చెప్పే కళ్లు, చెయ్యి దించేశాడు, తిరిగి లోపలికి వెళ్లిపోయాడు, మోటారు ఊరికే తిరుగుతోంది, పొడుగువి వదిలేసింది కాలెర్వో చెప్పిన ఆ మాట వల్లే అనుకుంది, నెపం ఆ మాట మీద వేసేస్తే సరిపోను, కానీ ఈ పొట్టి దుంగల్ని ఏరి ఏరి తోపుడుబండిలో ఇక్కడికి చేర్చింది ఫోను వచ్చిన సాయంత్రమే కదా, అప్పటికి కాలెర్వో గుమ్మం తొక్కలేదు, ఆ మాట వినలేదు, ఎవరూ ఏమీ అనలేదు, చేతులే ఏరాయి, మిషను కొన్నది అతన్ని ఉంచుకోవడానికి కాదు, అతను లేని ఇంట్లో తను ఉండడానికి.