ఆరు నెలల గడువు

పై సభలో నూట ఇరవై మంది సభ్యులు. నూట పది మందిని జిల్లా మండళ్లు ఎన్నుకుంటాయి, మిగిలిన పది మందిని దేశాధ్యక్షుడు నియమిస్తాడు. ఆ పది మందిలో ఒకరు నర్సమ్మ. నలభై ఏళ్లు కొండ ఊళ్లలో కాన్పులు చేసిన మనిషని ఏరికోరి కూర్చోబెట్టారు. ఐదేళ్లయినా ఆమె సభలో నోరు విప్పింది లేదు.

తమ్ముడిది కింది సభ. జనం ఓట్లేసి పంపిన నాలుగు వందల మందిలో ఒకడు, అందులోనూ పాలకపక్షం.

"అక్కా, రేపు మా బిల్లు మీ సభకొస్తుంది," అన్నాడు ఒకరోజు క్యాంటీన్లో. "ఏడాదికి వంద కాన్పులు కూడా జరగని కేంద్రాలన్నీ మూసేస్తున్నాం. నువ్వు చెయ్యెత్తితే చాలు."

"మీ సభలో ఎంతసేపు మాట్లాడుకున్నార్రా దీనిమీద?"

"ఎంతసేపేంటి? మధ్యాహ్నం పెట్టాం, సాయంత్రానికి గట్టెక్కించాం."

"మరి రోడ్డు లేని ఊళ్ల సంగతో?"

తమ్ముడు టీ కప్పులోకి చూశాడు. "మీరు కాదన్నా బిల్లు ఆగదక్కా. మీకున్నది ఆరు నెలలు ఆపే హక్కే. ఆ తర్వాత మాదే పైచేయి. ఊరికే ఎందుకు నవ్వులపాలవుతావు?"

మర్నాడు పై సభలో సభాధ్యక్షుడు "ఇంకెవరైనా?" అని అడిగినప్పుడు నర్సమ్మ లేచి నిలబడింది. ముందు వరుస బల్ల పట్టుకుంది.

"నాకు ఉపన్యాసాలు రావండీ. బిడ్డ అడ్డం తిరిగిన పిల్లని మంచం మీద మోసుకెళ్తుంటే పక్కనే నడిచాను. పన్నెండు మైళ్లు పోవాలి. ఎనిమిదో మైలు దగ్గర నా చెయ్యి వదిలేసింది. ఆ తర్వాతే ఆ ఊళ్లో కేంద్రం పెట్టారు. మూసెయ్యండి, కాదనను. ముందు రోడ్డు వెయ్యండి."

అంతే, కూర్చుంది. తలుపులు మూసి ఓట్లు లెక్కపెట్టారు. ఆపాలని యాభై ఎనిమిది, ఆపొద్దని యాభై ఏడు. బిల్లు ఆరు నెలలు ఆగింది.

తమ్ముడు నెల రోజులు ఫోన్ చెయ్యలేదు. ఆమె కేంద్రం మూతపడబోయే, రోడ్డు లేని పదిహేడు ఊళ్ల పేర్లు రాసుకుని రోడ్ల శాఖ ఆఫీసు చుట్టూ తిరిగింది. సభ్యురాలు కాబట్టి కుర్చీ వేసేవారు, పని మాత్రం కదిలేది కాదు. రెండో నెలలో ఒక పొద్దున తమ్ముడే ఇంటికొచ్చాడు. చెప్పులు విడుస్తూనే అన్నాడు, "ఆ జాబితా ఇలా ఇవ్వు. కింది సభ వాడి సంతకం కూడా ఉంటే కాస్త భయపడతారు."

గడువు ముగిసేసరికి తొమ్మిది ఊళ్లకు రోడ్డు పడింది.

కింది సభ బిల్లును ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ ఓటుకు పెట్టింది. పై సభ వాళ్లకు కేటాయించిన గ్యాలరీలో నర్సమ్మ కూర్చుంది. పాలకపక్షమంతా చేతులెత్తింది. తమ్ముడు ఒకసారి గ్యాలరీ వైపు చూశాడు, తల దించుకుని చెయ్యెత్తాడు. బిల్లు చట్టమైంది.

బయట వసారాలో ఆమె కోసం కాచుకుని నిలబడ్డాడు. "పార్టీ ఆదేశం అక్కా. తప్పలేదు."

"తెలుసురా," అంది నర్సమ్మ. "మిగతా ఎనిమిది ఊళ్లలో కడుపుతో ఉన్నవాళ్లకి ఏం చెప్పను, అది చెప్పు."

తమ్ముడు అక్క చేతిలోని సంచీ అందుకుని, ఆమె వెనకే మెట్లు దిగాడు.