ఆరెంజ్ తర్వాతే పసుపు

రోలరమ్మ షిఫ్టుకి వచ్చేసరికే కొంప మునిగింది.

ఏడు రంగుల మిషన్‌లో, రంగుకో యూనిట్ చొప్పున, ప్లేట్లన్నీ బిగించేసి ఉన్నాయి. తొట్టెల్లో ఇంకు నింపేసి ఉంది. నాలుగో తొట్టెలో పసుపు. ఐదో తొట్టెలో ఆరెంజ్. ఆ వరస చూడగానే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరు తాతా ఈ పని చేసింది?"

అట్టలు ఎత్తే తాత తలెత్తకుండానే చెప్పాడు. "మీ బావగారేనమ్మా. ఏడింటికే దిగారు. చొక్కాకి ఒక్క మరకైనా అంటలేదు, అదేం విద్యో!"

ప్రెస్సు ఆమె నాన్నదీ బాబాయ్‌దీ. నాన్న పోయాక బాబాయ్ ఒక్కడే లాక్కొస్తున్నాడు. రెండేళ్ల కిందట పెద్దల్లుణ్ణి తెచ్చి ప్రొడక్షన్ మేనేజర్ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయనే ఈ బావ. రోలరమ్మ పద్దెనిమిదో ఏట రోలర్లు కడగడానికి చేరింది. పద్నాలుగేళ్లు పనిచేసి మిషన్ నడిపే దాకా వచ్చింది. పేరు మాత్రం రోలర్ల దగ్గరే ఆగిపోయింది.

ఇవాళ్టి పని పళ్లరసం డబ్బా. ఇన్నాళ్లూ ఒక్కో రుచికి ఒక్కో ప్రత్యేకమైన ఇంకు కలిపేవాళ్లు. ఇకమీదట అన్ని రుచులకీ అవే ఏడు ఇంకులు: ఎప్పుడూ వాడే నాలుగూ, వాటికి తోడు ఆరెంజ్, ఆకుపచ్చ, వయొలెట్. మొదటి షీటు చూడడానికి పళ్లరసం కంపెనీ మేడమ్ పదకొండుకి వస్తోంది. మూడింటికి వెళ్లిపోతుంది.

బాబాయ్ మొన్ననే తేల్చి చెప్పాడు. "షీటు పాసైతే మిషన్ నీది. ఫెయిలైతే డబ్బాలు మడిచే గదిలోకి పో. అన్న కూతురివని చూడను."

బావ టీ కప్పుతో వచ్చాడు. "ఏం మరదలా, నీ పని సగం నేనే చేసిపెట్టాను. థాంక్స్ కూడా లేదా?"

"నా పీక సగం కోసిపెట్టారు. మిగతా సగం మేడమ్ కోస్తుంది. పసుపు మీద ఆరెంజ్ ఏంటి బావగారూ? ఆరెంజ్‌కి జిగటెక్కువ. కింద తడిగా ఉన్న పసుపుని పీక్కుపోతుంది. జిగట ఎక్కువున్నది ముందు పడాలి, తక్కువున్నది తర్వాత. పసుపు అన్నిటికన్నా చివర."

"పాత నాలుగు రంగులు పాత యూనిట్లలోనే ఉంటే వాటిని కడిగే పని లేదు. కొత్త మూడూ చివర ఖాళీగా ఉన్నవాటిలో వేశాను. రోజంతా మిషన్ కడుగుతూ కూర్చుంటే ప్రింటింగ్ ఎప్పుడు చేస్తాం?"

రోలరమ్మ ఐదో తొట్టె వైపు తిరిగింది. అసలు విషయం ఇంకోటుంది. అది చెప్తే తన గొయ్యి తనే తవ్వుకున్నట్టు.

మూడు వారాల కిందట, ఏ రంగు మీద ఏ రంగు పడితే ఎలా కనిపిస్తుందో కొలవడానికి గళ్ల చార్టు ఒకటి ప్రింటు చేయాల్సొచ్చింది. వరస బావ రాసిచ్చాడు. ఆమె ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చార్టు తన వరసలో వేసింది. ఎవరికీ చెప్పలేదు. ఆ చార్టు కొలతలతోనే కంప్యూటర్ గదిలో డబ్బా బొమ్మని ఏడు రంగులుగా విడదీశారు. అసలు పనికి ఇంకు నింపేది ఎలాగూ తనే కదా అని ధీమాగా ఉంది. మేనేజరు పొద్దున్నే లేచి తొట్టెలు నింపుతాడని కలగందా?

పదకొండు కొట్టేసరికి మేడమ్ వచ్చింది. బాబాయ్ వెనకాలే వచ్చాడు. "తిప్పు," అన్నాడు.

"నేను తిప్పను బాబాయ్. ఈ వరస తప్పు."

"నే తిప్పుతా," అని బావ బటన్ నొక్కేశాడు.

మూడొందల షీట్లు పోయాక ఒకటి లాగి బల్ల మీద పరిచారు. అందరూ వంగారు. అందరూ ఒకేసారి లేచారు. నారింజపండు ఇటుకలా ఉంది. పైగా పొక్కులు.

మేడమ్ భూతద్దం పెట్టి చూసింది. "దీనికి అమ్మవారు పోసినట్టుంది," అంది.

బాబాయ్ మొహం మాడిపోయింది. ఎవరూ అడక్కముందే రోలరమ్మ ముందుకొచ్చింది.

"ఒక మాట. చార్టు బావగారి వరసలో వేయలేదు. నా వరసలో వేశాను. బొమ్మ నా వరసకే తయారైంది, ఇంకో వరసలో వేస్తే రంగు మారిపోతుంది."

బావ వెంటనే అందుకున్నాడు. "విన్నారా మామయ్యా! మూడు వారాలుగా కడుపులో పెట్టుకుని కూర్చుంది. నా వరసలో తప్పే లేదు. పండు ఇటుకైంది ఈవిడ వల్ల!"

"ఇటుక రంగు నా వల్లే. ఒప్పుకుంటున్నా," అంది రోలరమ్మ. "మరి పొక్కులో? చార్టు ఏదైతేనేం, తడి ఇంకుని తడి ఇంకు పీకడం ఆగుతుందా? మేడమ్, ఆ మచ్చ లోపల చూడండి. పసుపు లేచిపోయి తెల్ల అట్ట కనిపిస్తోందా లేదా?"

మేడమ్ మళ్లీ వంగింది. చాలాసేపు చూసింది. "కనిపిస్తోంది," అంది. "మార్చాలంటే ఎంతసేపు?"

"నలుపు ఒక్కటే ఉన్నచోట ఉంటుంది. తక్కిన ఆరూ కడగాలి. రెండున్నర గంటలు."

"మూడింటికి నేను బయల్దేరిపోతాను."

"రెండున్నరకి షీటు మీ చేతిలో ఉంటుంది."

బావ నవ్వాడు. "ఆరు యూనిట్లా? మంత్రం వేస్తావా?"

"నా పేరేంటో మర్చిపోయారా బావగారూ?"

తాతని పిలిచి బకెట్లు తెమ్మంది. పసుపులో వయొలెట్ చుక్క మిగిలినా పండు బురదవుతుంది. అందుకే చివరి యూనిట్‌ని నాలుగుసార్లు కడిగింది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా వదల్లేదు. నలుపు, వయొలెట్, నీలం, ఆకుపచ్చ, మజెంటా, ఆరెంజ్, పసుపు. ప్లేట్లు ఒక్కొక్కటే కొత్త ఇంటికి మారాయి. మోచేతుల దాకా రంగులు. బావ గడియారం చూసుకుంటూ గోడకి ఆనుకుని నిలబడ్డాడు, గుడ్డ మాత్రం ముట్టుకోలేదు.

రెండు నలభైకి షీటు బల్ల మీద పడింది.

"పది నిమిషాలు లేటు," అన్నాడు బావ.

మేడమ్ వినిపించుకోలేదు. పండు మెరుస్తోంది. తొక్క మీది సన్నటి గుంతలు కూడా లెక్కపెట్టచ్చు. మేడమ్ భూతద్దం అటూ ఇటూ జరిపింది. "పండు పాస్. ఆకు కొంచెం పాలిపోయింది."

"అవును. ఆకుపచ్చ తక్కువైంది," అని రోలరమ్మ ఇంకు మీట కొద్దిగా తిప్పింది. రెండో షీటు మీద మేడమ్ సంతకం పెట్టి, బ్యాగు భుజాన వేసుకుంది.

ఆమె గుమ్మం దాటేదాకా ఆగి బాబాయ్ గొంతు పెంచాడు. "షీటు పాసైంది, సరే. చెప్పకుండా చార్టు మార్చింది కూడా నువ్వే. నిన్నెలా నమ్మేది? రేపట్నుంచి మడతగదికి వెళ్లు. అల్లుడు చూసుకుంటాడు."

రోలరమ్మ చేతులు తుడుచుకుంది. "చెప్పకపోవడం తప్పే. తిట్టండి, పడతాను. చెప్పి ఉంటే మీరు వేయనిచ్చేవారా? వేసిన వరస తప్పు కాదు. పాసైతే మిషన్ నాదని నోటితో అన్నారు. నేను కదలను."

"కదలవా?"

"కదలను."

ఆమె బటన్ నొక్కింది. మిషన్ ఒళ్లు విరుచుకుని లేచింది. అట్టలు ఒకదాని వెంట ఒకటి లోపలికి దూకాయి. ఆపే ఎర్ర మీట బాబాయ్ మోచేతి పక్కనే ఉంది. "వద్దనుకుంటే మీరే ఆపండి," అంది, ఆయన కళ్లల్లోకి చూస్తూ.

"ఆపండి మామయ్యా," అన్నాడు బావ.

బాబాయ్ మీట వంక చూశాడు. షీట్లు రాలుతున్న వైపు చూశాడు. కుప్పలోంచి ఒక నారింజ పండు షీటు లాగి, వెలుతురులో అటూ ఇటూ వంచాడు. మిషన్ మీద వేగం అంకె ఎక్కుతోంది, గంటకి తొమ్మిది వేల షీట్లు, పది, పదకొండు.

"పదకొండు దాటనీకు," అన్నాడు చివరికి, షీటులోంచి తల ఎత్తకుండా. "కొత్త ఇంకు."

"పన్నెండు లాగుతుంది బాబాయ్," అంటూ ఆమె వేగం మీట ఇంకో గీత పైకి తోసింది.