తాసిల్దారు రెక్క

కోటగిరి దిక్కున నాలుగైదు ఊళ్లలో సాయవ్వ కత్తెరకు పేరుంది. కొత్తగా కొన్న కోడి పాత ఇంటికి పారిపోతోందా, గిన్నెకోడి చెరకు తోటలో పడి మాయమవుతోందా, దాన్ని చంకన పెట్టుకుని అందరూ ఆమె వాకిట్లోకే వచ్చేవారు. ఆమె పీట వాల్చుకుని కూర్చుని, పక్షిని ఒళ్లో పడుకోబెట్టి, ఒక పక్క రెక్కను విసనకర్రలా విప్పి, పెద్ద ఈకలు ఏడో ఎనిమిదో కత్తిరించి పంపేది. రెండు వైపులా కత్తిరిస్తే ఎలాగోలా ఎగరడం నేర్చుకుంటుంది, ఒక వైపే కత్తిరిస్తే పక్కకు ఒరిగి నేలకు దిగుతుంది అని వాళ్లమ్మ చెప్పిన మాట. లోపల ఇంకా నెత్తురాడుతున్న పచ్చి ఈకను మాత్రం ముట్టుకునేది కాదు. "ఈకలు గోర్ల లెక్క బిడ్డా, నొయ్యదు. ఏడు తిరిగేసరికి మల్ల మొలుస్తయ్" అనేది. అడిగినవాళ్లకూ చెప్పేది, అడగనివాళ్లకూ చెప్పేది.

ఆ శనివారం పొద్దున్నే రామ్‌దాస్ వచ్చాడు. నిజామాబాద్ ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా బోధన్ రోడ్డు మీద అతనికో తోట హోటలుంది. చెట్ల కింద బల్లలు, నడుమ ఒక కుంట. బండి మీద అట్టపెట్టె కట్టుకుని వచ్చాడు. అందులో ఆరు బాతుపిల్లలు, పసుపు ముద్దల్లా ఒకదాని మీద ఒకటి పడి కీచుకీచుమంటున్నాయి.

"అవ్వా, ఇవి ఎగిరే జాతంట. పెద్దగైతే పక్క పొలాల్ల పడ్తయ్. ఏటేటా పట్టుకొచ్చి ఈకలు కత్తిరిచ్చుడు నాతోని కాదు. నీకు ఇంకో ఇకమతు తెల్సంట గదా?"

"ఏం ఇకమతు?"

"పిల్లప్పుడే రెక్క కొసకున్న కణుపు తీసేస్తే మల్ల లొల్లే ఉండదంట. దొర గడీల బాతులకు మీ అమ్మ గట్లనే చేసేదని మా అమ్మ చెప్పింది."

సాయవ్వ బియ్యం చెరుగుతున్న చేట ఆగిపోయింది. "రేపు మా ముసలాయన ఏడాది ప్రార్థన. సోమవారం రా, సూద్దాం" అంది.

"అయితే పెట్టె ఈడనే పెట్టి పోత. మీ తాసిల్దారుకు దోస్తులైతరు." రామ్‌దాస్ నవ్వుతూ వాకిట్లోకి చూపాడు.

వాకిట్లో రొమ్ము విరుచుకుని, అడుగు తీసి అడుగు వేస్తూ గోధుమరంగు బాతొకటి తిరుగుతోంది. అడవి బాతు. చెరువుల మీద గుంపులుగా ఈల వేసుకుంటూ పోతాయే, ఆ జాతి. ఆ నడక చూసి దానికి తాసిల్దారు అని పేరు పెట్టినవాడు సాయవ్వ మొగుడు దేవయ్య. "జమాబందికొచ్చిన తాసిల్దారు లెక్క నడుస్తుంది సూడు" అనేవాడు. ఆడదో మగదో ఎవరికీ తెలియదు. ఆ జాతిలో రెండూ ఒక్కలాగే ఉంటాయి మరి.

దేవయ్య సంగతి చెప్పకుండా తాసిల్దారు సంగతి చెప్పడం కుదరదు. వయసులో ఉన్నప్పుడు అతను ఎడ్లబండి మీద బోధన్ ఫ్యాక్టరీకి చెరకు తోలేవాడు. ఎడ్లు కాలువలో మూతి పెట్టినప్పుడు ఈల వేయాలి. ఈల వినబడితేనే అవి కడుపారా తాగుతాయి, లేకపోతే రెండు గుక్కలు తాగి తల ఎత్తేస్తాయి. అందరూ వేసేదే, కానీ దేవయ్య ఈల సన్నగా పోయి చివర కొంచెం విరిగేది. తర్వాత బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. ఫ్యాక్టరీ కూత కూడా ఆగిపోయింది. ఈల మాత్రం అతని దగ్గరే ఉండిపోయింది.

ఒక ఎండాకాలం చెరకు ట్రాక్టరు మీది నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మంచాన పడ్డాక ఈల వేయలేదు, నవ్వలేదు. పెట్టింది తిని గోడకేసి తిరిగి పడుకునేవాడు. ఆ వానాకాలమే సాయవ్వకు చెరకు గట్టున కలుపు తీస్తుంటే గడ్డిలో ఐదు గుడ్లు కనబడ్డాయి. పొద్దూకేదాకా చూసింది, తల్లి తిరిగి రాలేదు. కొంగున కట్టుకొచ్చి పొదుగుతున్న కోడి కింద పెట్టింది. రెండు పిల్లలయ్యాయి, ఒకటే బతికింది.

ఆ పిల్ల సన్నగా ఈల వేసినట్టు అరిచింది. మంచం మీద దేవయ్య తల తిప్పాడు. నెలల తర్వాత పెదాలు బిగించి ఈల వేశాడు. ఇంకా తడి ఆరని పిల్ల కోడి రెక్క కింది నుంచి జరజరా వచ్చి మంచం కోడు దగ్గర నిలబడింది.

"ఏమే, ఇది నన్ను ఎద్దనుకుంటుందా, బాతనుకుంటుందా?" అని దేవయ్య పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని పక్కింటివాళ్లు కూడా తొంగిచూశారు.

అదే సాయంత్రం చెరువు మీది గుంపు ఈలలు వేసుకుంటూ ఇంటి మీదుగా పోయింది. పిల్ల మెడ సాచి పైకి చూసింది. సాయవ్వ మాత్రం మొగుడి ముఖం చూసింది. ఇది కూడా పోతే ఈ మనిషి మళ్లీ గోడకేసి తిరుగుతాడు అనుకుంది.

మూడో రోజు దేవయ్య నిద్రలో ఉండగా పెరట్లోకి పోయి, పిల్ల కుడి రెక్క కొసన దారం బిగించి కట్టి, కొత్త బ్లేడుతో ఆ కణుపు కోసేసింది. వాళ్లమ్మ గడీలో ఎలా కోసేదో అలాగే. పసుపు అద్దింది. తెగిపడిన ముక్క జొన్నగింజంత ఉంటుందేమో, తల్లికోడి వచ్చి టక్కున ముక్కుతో ఏరుకుని మింగేసింది. చెరకైతే మొదలంటా నరికినా మళ్లీ పిలకలు వేస్తుంది. ఇది వేయదని సాయవ్వకు బాగా తెలుసు. తెలిసే కోసింది.

ఆ తర్వాత రోజులు మంచిగానే గడిచాయి, అదే చిత్రం. దేవయ్య ఈల వేస్తే తాసిల్దారు వచ్చేది, ఒళ్లో కూర్చునేది. దాని రెక్కలు నిమురుతూ అతను కూడా లేచి కూర్చునేవాడు. ఒకరోజు నిమురుతూ నిమురుతూ అడిగాడు.

"ఇది ఎగరదేందే? ఏం చేసినవ్ దీనికి?"

"ఈకలు కత్తిరిచ్చిన."

"ఈకలేనా?"

"ఈకలే."

"ఈకలే గదా?"

"ఈకలే అంటున్న గదయ్యా! ఎన్నిసార్లు చెప్పాలె?"

దేవయ్య రెక్క నిమురుతూనే ఉన్నాడు. తర్వాత, "నేను పోయినంక ఇగ కత్తిరియ్యకు. మొలవనియ్యి. గుంపుల కలుపు. ఒక్క మంచానికి ఇద్దరు ఖైదీలు ఎందుకు?" అన్నాడు. సాయవ్వ సరేనని చేతిలో చెయ్యేసింది. మనవరాలు ఆశా ఫోన్ చేస్తే ఆమెకూ అదే చెప్పాడు. "బిడ్డా, నా ఏడాది ప్రార్థననాడు తాసిల్దారును చెరువుకాడ ఇడువుర్రి. నువ్వు దగ్గరుండాలె."

అలా దేవయ్య పోయి ఏడాది కావచ్చింది. ఆ ఏడాదంతా సాయవ్వకు నిద్రపట్టిన రాత్రులు తక్కువే.

ఆదివారం చర్చి అయ్యాక పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. చుట్టాలు భోంచేసి వెళ్లారు. నిజామాబాద్‌లో పశువుల దవాఖానలో పనిచేసే ఆశా మాత్రం ఉండిపోయింది. నాలుగు గంటలయ్యేసరికి తాసిల్దారును చున్నీలో చుట్టి ఎత్తుకుంది.

"పా అవ్వా. గుంపు లేసే యాళ్లయితుంది."

"ఇయ్యాల వద్దు బిడ్డా. దానికి జర పానం బాగలేదు. పొద్దున మేత ముట్టలే."

"పొద్దున నా పళ్లెంల బువ్వంతా మెక్కింది నీ తాసిల్దారే! నాకే కడుపు కాలింది. పా, తాతకు మాటిచ్చినం."

"ఇన్నేండ్లు ఇంట్ల పెరిగింది, బయట బతుకుతదా?"

"అడవి పక్షిని ఇంట్ల పెట్టుకునుడే తప్పు అవ్వా. చట్టం ఒప్పదు. నడు."

సాయవ్వ వెనకే నడిచింది. చెప్పాలనుకున్న మాట గొంతుదాకా వచ్చింది, చెరువుగట్టుదాకా వచ్చింది, బయటికి మాత్రం రాలేదు. ఏమో, మూడేళ్ల బాతు, మంచి బలం మీదుంది, ఒక్క కణుపు లేకపోతే మాత్రం ఎగరకపోతుందా అని ఒక పిచ్చి ఆశ కూడా ఉంది ఆమెకు.

నీళ్ల మీద గుంపు నల్లగా పరుచుకుని ఉంది. ఎండ మెత్తబడేసరికి ఒకటి లేచింది, నాలుగు లేచాయి, ఆపైన చెరువే లేచినట్టు గుంపంతా ఈలలతో గాలిలోకి లేచింది. ఆశా చున్నీ విప్పింది. తాసిల్దారు మెడ సాచి, ఎన్నడూ లేనంత గట్టిగా అరిచి, గట్టు వెంబడి పరుగు తీసింది. రెక్కలు టపటపా కొట్టింది. జానెడు లేచి కుడివైపు ఒరిగి బురదలో పడింది. లేచి మళ్లీ ఉరికింది, మళ్లీ పడింది. మూడోసారి పడ్డాక లేవలేదు. నోరు తెరుచుకుని రొప్పుతూ, గుంపు పోయిన దిక్కే చూస్తూ కూర్చుంది.

ఆశా పోయి ఎత్తుకుంది. కుడి రెక్క విప్పి, వేళ్లతో కొసదాకా తడిమింది. మళ్లీ తడిమింది.

"అవ్వా, గీడ కణుపేది?"

సాయవ్వ గట్టు మీద కూలబడింది. దారం, బ్లేడు, పసుపు, కోడి మింగేసిన ముక్క, అన్నీ చెప్పింది. ఆశా బాతును ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది. అంతా విన్నాక, "మత్తు లేకుంటనేనా?" అంది.

"మూడొద్దుల పిల్లనే బిడ్డా."

"మూడొద్దుల పిల్లకు నొయ్యదా అవ్వా? నన్ను కన్నంక మూడో రోజు నా ఏలు కోస్తే మా అమ్మ ఊకుంటుండెనా?"

సాయవ్వ కొంగుతో ముఖం కప్పుకుంది. "మీ తాత నవ్విండు బిడ్డా. ఆ నవ్వు పోతదని భయపడ్డ. ఆయనకు ఈకలని చెప్పిన. మూడుసార్లు అడిగిండు, మూడుసార్లు అబద్ధమాడిన. తెల్వకుంటనే పోయిండు."

ఆశా బాతు రెక్కకంటిన బురద తుడుస్తూ, ఆ కోసిన చోట బొటనవేలు ఆనించి అలాగే ఉంచింది. గోరంత బుడిపె అది, కళ్లు మూసుకుని పట్టుకున్నా తెలుస్తుంది.

"తాతకు తెల్వదంటవా? రెండేండ్లు రోజూ ఒళ్ల పెట్టుకుని ఈ రెక్కనే నిమిరిండు గదనే."

సాయవ్వ కొంగు తీసి చూసింది. ఆ సంగతి ఆమెకు ఎన్నడూ తట్టలేదు. ఈకలేనా, ఈకలే గదా అని అంతంతసార్లు అడిగింది అందుకా? చెబుతుందేమో అని అడిగాడా? చెప్పి ఉంటే ఏమనేవాడు? తిట్టేవాడో, నవ్వేవాడో. ఇక అడగడానికి మనిషి లేడు.

సోమవారం రామ్‌దాస్ వచ్చేసరికి అట్టపెట్టె గుమ్మంలో సిద్ధంగా ఉంది. మూత తెరవగానే పిల్లలు రెక్కలు ఆడించాయి. రెక్కలంటే ఏమున్నాయి, చిటికెన వేలంతేసి.

"కొయ్యలేదేంది అవ్వా?"

"కొయ్య. కుంట మీద వల కట్టుకో. లేదంటే పెద్దగైనంక కబురు పంపు, ఏడాదికోపారి నేనే వచ్చి ఈకలు కత్తిరిస్త."

"వల కడితే హోటల్ అందం ఖరాబైతది. ముసలితనంల నీకు పుణ్యం గుర్తుకొచ్చిందా? ఈకలు కోస్తే పుణ్యం, కణుపు కోస్తే పాపమా?"

"ఈకలు కోసుడు పుణ్యమని ఎవరన్నరు కొడుకా? దాని రెక్క దానిది. ఈకలైతే మనకు బుద్ధొచ్చేటాలకు మల్ల మొలుస్తయ్. గది మొలవది. గంతే తేడ."

"మంచిదవ్వా. నువ్వొక్కదానివేనా ఏంది, ఇంకెవరన్న దొరుకుతరు." రామ్‌దాస్ పెట్టెను బండికి కట్టుకున్నాడు. మలుపు తిరిగేదాకా ఆ కీచుకీచులు వినబడ్డాయి. సాయవ్వ గుమ్మంలో నిలబడి వింది. తన చేత్తో కోయలేదు, నిజమే. ఆ ఆరు పిల్లలకు దానివల్ల ఏం ఒరుగుతుందో ఆమెకు తెలియలేదు.

అప్పటి నుంచి సాయంత్రమైతే సాయవ్వ తాసిల్దారును ఎత్తుకుని చెరువుకు పోతోంది. కుక్కలు రాకుండా పక్కన కర్ర పెట్టుకుని గట్టున కూర్చుంటుంది. నీళ్లలో వదిలితే అది ఈదుకుంటూ పోయి గుంపులో కలుస్తుంది. ఆ కాసేపు దాన్ని గుంపులో గుర్తుపట్టడం ఆమెకే కష్టం. పొద్దు వాలాక గుంపు లేచి పొలాల మీదికి పోతుంది. అంత పెద్ద చెరువులో ఒక్క చుక్క మిగులుతుంది. దాన్ని చూడగానే గుర్తుపడుతుంది.

పిలిస్తే ఒడ్డుకు రాదు. దేవయ్య ఈలకు తప్ప అది ఎవరికీ రాలేదు. ఆడది ఈల వేస్తే ఇంటికి అరిష్టమని చిన్నప్పుడు వాళ్లమ్మ వీపు మీద చరిచింది, అందుకని సాయవ్వ నేర్చుకోలేదు. ఇప్పుడు అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని చూసుకుని, పెదాలు బిగించి ఊదుతుంది. బోసినోట్లోంచి ఉత్త గాలి వస్తుంది.

నీళ్ల మీది చుక్క తల తిప్పుతుంది. మళ్లీ గుంపు పోయిన దిక్కుకే తిప్పుకుంటుంది.

"నీ ఇష్టం తాసిల్దారూ, నీకు రాబుద్ధైనప్పుడే రా" అని సాయవ్వ కొంగు నిండుగా కప్పుకుని కూర్చుంటుంది.