ఎవరి తప్పుకు ఎవరి గొర్రె

ఉమ్సునాయ్ నాకంటే నాలుగేళ్లు చిన్నది. ఆ సంగతి ఆ కాపరుల డేరాలో అందరికీ తెలుసు. అయినా డేరా యజమాని సాతర్‌కుల్ తాత గొర్రె తోకముక్క కోసి, కొవ్వుతో సహా ఆమె ముందు పెట్టాడు. మావాళ్లలో ఆ ముక్క పంక్తిలో ఉన్న పెద్దావిడకే చెందాలి. నా పళ్లెంలోకి పక్కటెముకలు వచ్చాయి.

నేను నవ్వాను. నవ్వకపోతే ఏడుస్తున్నానని అందరికీ తెలిసిపోతుంది.

మేమిద్దరం బిష్కెక్‌లో ఒకే సంస్థలో పనిచేస్తాం. ఇద్దరిదీ వాతావరణాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే పనే. నా మోడల్ మధ్యాసియా మొత్తానిది. దాని గురించి ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో తమ వ్యాసాల్లో రాస్తారు. ఉమ్సునాయ్ మోడల్‌కి నరీన్ లోయలూ కనుమలూ తప్ప ఇంకేమీ తెలియదు. అదీ సొంతంగా నిలబడలేదు. ఆ లోయల అంచుల్లోకి ఎంత గాలి, ఎంత తేమ వస్తున్నాయో నా మోడల్ చెబితేనే అది కదులుతుంది. నా వేలు పట్టుకుని నడిచే పిల్ల అన్నమాట. కానీ మందను కనుమ దాటించి కొండమీది పచ్చికకు ఏ రోజు తోలాలో కనుక్కోడానికి కాపరులు ఫోన్ చేసేది ఆమెకు. సంతలో ఉల్లిపాయలమ్మే ఆవిడ కూడా నన్ను చూసి, "మీరు ఉమ్సునాయ్ గారి ఆఫీసే కదూ?" అంటుంది. కడుపు మండదా?

ఈ ఏడు నాకు అవకాశం దొరికింది. మా సంస్థలో పెద్ద కంప్యూటర్ ఒక్కటే ఉంది. దానిమీద ఉమ్సునాయ్ మోడల్‌కి ఇకముందు కూడా చోటివ్వాలా వద్దా, దానివల్ల జనానికి ఏం ఒరిగింది, చూసి చెప్పమని పైవాళ్లు నాకే అప్పగించారు. ఆమెకు చోటు పోతే అది నాకొస్తుంది. పిల్లిని పాలకు కాపలా పెట్టడమంటే ఇదే. కానీ మాది చిన్న దేశం, వాళ్లకు వేరే పిల్లి దొరకలేదు.

"నేను రేపు సాతర్‌కుల్ తాత దగ్గరికి పోతున్నా. నువ్వూ రా అక్కా. అడగాల్సిందేదో వాళ్లనే అడుగుదువు గానీ," అంది ఉమ్సునాయ్. కారు వెనక గొర్రెను ఎక్కించింది. ఎవరింటికైనా వట్టి చేతులతో ఎలా పోతాం, అందుకేలే అనుకున్నాను.

పక్కటెముక పట్టుకుని, తేనె పూసిన గొంతుతో అడిగాను. "తాతా, ఈ పిల్ల చెప్పింది ఎప్పుడైనా తప్పిందా?"

"తప్పకేం? మొన్న మే నెల్లోనే తప్పింది. కనుమలో మంచు పడుద్ది, ఆగండి అంది. వారం పైన కిందే కూచున్నాం. చూస్తే ఒక్క మబ్బు లేదు. కింద గడ్డంతా అయిపోయింది. తల్లులకి పాలింకిపోయాయి. కొన్ని గొర్రెపిల్లలు చచ్చిపోయాయి."

నా నెత్తిన పాలు పోసినట్టయింది. ఇక నేను వెతకాల్సిందేమీ లేదు, ఈ ఒక్క ముక్క రాస్తే చాలు. ఆ సంబరంలో నోరు జారాను.

"ఇంత నష్టం చేసిన మనిషికా తోకముక్క?"

అందరూ తినడం ఆపేశారు. పులిసిన గుర్రప్పాలు, కుమిస్, పోస్తున్న తాత కోడలు ఫక్కున నవ్వింది.

"నువ్వు తింటున్నది ఎవరి గొర్రెననుకున్నావు పిన్నీ? తప్పు చేసినోళ్లు గొర్రెను తోలుకుని గుమ్మం ఎక్కాలి కదా. ఇది ఆవిడ తప్పుకి తెచ్చిన గొర్రె. మావయ్య తీసుకున్నాడు, మన్నించాడు, తోకముక్క పెట్టాడు. అక్కడితో సరి."

ఆ ఆచారం నాకు తెలియనిది కాదు. పొరుగువాడి పంటలో గుర్రం పడితే గొర్రెను తోలుకెళ్తాం. కంప్యూటర్ లెక్క తప్పినా తోలుకెళ్లాలని మా సంస్థలో ఎవరికీ తోచదు. నాకసలే తోచదు.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. ఏప్రిల్‌లో నా మోడల్‌లో తేమ లెక్క మార్చాను. ఉమ్సునాయ్‌కి చెప్పలేదు. ఆమె లోయల అంచుల్లోకి ఉన్నదానికన్నా ఎక్కువ తేమ వెళ్లి ఉంటుంది. లేని మంచును ఆమె కురిపించింది నా తేమతోనే. ఆమె వైపు చూశాను. తలొంచుకుని ముక్క కోసుకుంటోంది. దానికి తెలుసు. తెలిసీ నా పేరెత్తలేదు.

మంచిదాన్నయితే సిగ్గుపడేదాన్ని. నాకు మాత్రం ఒళ్లు భగ్గుమంది. ఇన్నేళ్లలో నా లెక్క ఎన్నిసార్లు తప్పినా ఎక్కడా ఒక్క గొర్రెపిల్ల చావలేదు. ఎందుకంటే నా మాట నమ్మి ఎవరూ ఎక్కడా ఆగలేదు. తీరా జనందాకా చేరిన నా ఒక్క తప్పునీ ఇది కాజేసి, తోకముక్క తింటోంది!

"ఆ తప్పు నాది తాతా," అన్నాను గట్టిగా.

"నీదేంటక్కా, ఊరుకో," అంది ఉమ్సునాయ్. "నువ్వు పంపినదాన్ని చూసుకోకుండా వాడింది నేను."

"తేమ నాది!"

"ఆగమన్న మాట నాది!"

"ఆస్తి కోసం కొట్టుకునేవాళ్లను చూశా గానీ, తప్పు కోసం జుట్లు పట్టుకునేవాళ్లను ఇప్పుడే చూస్తున్నా," అంది కోడలు. డేరా అంతా గొల్లుమంది.

"నేనూ ఒక గొర్రె తెస్తాను తాతా," అన్నాను.

తాత కత్తి తుడుచుకుంటూ నా వైపు చూశాడు. ఆ చూపులో జాలి ఉంది, అదే నన్ను చంపింది.

"నీ దగ్గర ఎట్లా తీసుకుంటానమ్మా? మేం నీ మాట మీద ఆగలేదు కదా. నువ్వు మాకు తప్పు చేసిందెక్కడ? తిను, చల్లారిపోతుంది."

తిన్నాను. ఏం తిన్నానో తెలియలేదు.

తిరిగి వస్తూ కనుమ దిగాం. అప్పుడు నేనే అన్నాను. "కంప్యూటర్‌లో చోటు నీకే ఇమ్మని రాస్తాను. కానీ ఒక షరతు. ఇకమీదట కాపరులకు నువ్వు పంపే ప్రతి కబురు కిందా నా పేరు కూడా ఉండాలి."

ఉమ్సునాయ్ దారి మీంచి కళ్లు తిప్పకుండానే నవ్వింది. "పొగడ్తల్లో వాటా కావాలా అక్కా?"

"తిట్లలో," అన్నాను.