కృష్ణమ్మ తలనొప్పి

కృష్ణమ్మకు తలనొప్పి మొదలై నాలుగేళ్ళయింది. నుదుటి చుట్టూ గుడ్డ బిగించి ముడివేసినట్టు పొద్దున పట్టుకుంటే పడుకునేదాకా వదిలేది కాదు. పుంగనూరులో డాక్టర్లందరి మాత్రలూ అయిపోయాయి. కళ్ళద్దాలు మార్చారు. స్కానింగులో ఏమీ లేదన్నారు. మదనపల్లెలో హిదాయతుల్లా అనే ఆయన సూదులు గుచ్చి నయం చేస్తాడని ఎవరో చెబితే, 2004 ఎండాకాలంలో అక్కడికి పోయింది.

ఆక్యుపంక్చర్ అంటే ఇంజెక్షనేమో అనుకుంది. మందేమీ లేదు. వెంట్రుకంత సన్నటి సూదులు మెడ వెనకా, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమా గుచ్చి, అరగంట కదలకుండా కూర్చోమన్నాడాయన. ఆరోసారి సూదులు తీసేసరికి తల తేలికైపోయింది. తిరుగు బస్సులో టమోటా తోటలు చూస్తూ ఇల్లు చేరింది.

ఇంట్లో కూతురు శ్వేత ఉంది. పంతొమ్మిదేళ్ళది. పుట్టుకతోనే కాళ్ళు పనిచేయవు. చేతులు, మాట, తెలివి అన్నీ బాగున్నాయి. మంచం మీంచి దొడ్లోకి, దొడ్లోంచి మంచం మీదికి రోజుకు ఏడెనిమిదిసార్లు ఎత్తుకుపోవాలి. తండ్రి చిన్నప్ప లారీ డ్రైవరు. నెలకు నాలుగు రోజులు ఇంటిపట్టున ఉంటే గొప్ప.

తెల్లారేసరికి నొప్పి మళ్ళీ వచ్చేసింది. తిరిగి మదనపల్లె పోయింది.

"నేను వదులు చేస్తే నువ్వు మళ్ళా బిగించుకోనొస్తాండావమ్మా. ఏం పని చేస్తావు?" అనడిగాడు హిదాయతుల్లా. రోజూ శ్వేతను ఎత్తే సంగతి చెప్పింది. ఆయన సూదుల డబ్బా మూసేశాడు. "కుప్పంలో ఫిజియోథెరపీ ఉండాది. మెడకు బలమొచ్చేది నేర్పిస్తారు. పోయి సూడు."

కుప్పం ఆసుపత్రిలో సుప్రియ అనే అమ్మాయి ఆమె భుజాలు నొక్కి చూసింది. "రాళ్ళ మాదిరి ఉండాయమ్మా. బరువులెత్తొద్దు, మూడు నెలలు."

"మా పాప నలభై రెండు కిలోలుంటాది."

"ఎత్తేదానికి ఇంకెవురన్నా ఉండారా?"

"లేరు."

సుప్రియ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత మెడకు వేడి కాపడం పెట్టి, వ్యాయామాలు నేర్పింది. నడుము వంచకుండా మోకాళ్ళు వంచి ఎత్తడం చూపించింది.

అప్పట్నుంచి ప్రతి గురువారం పక్కింటి అన్నపూర్ణమ్మను శ్వేత దగ్గర కూర్చోబెట్టి, కృష్ణమ్మ బస్సులు మారుతూ కుప్పం పోయి వచ్చేది. ఇంట్లో రెండు పూటలా గోడకు వీపు ఆనించి మెడ వ్యాయామాలు చేసేది. ఐదో వారానికి నొప్పి సగానికి సగం తగ్గింది. "ఆ అమ్మి చేతిలో ఏదో ఉండాదే," అని శ్వేతతో అంది. శ్వేత నవ్వింది.

ఆ ఆదివారం శ్వేతకు చలిజ్వరం వచ్చింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నాడు డాక్టరు. నీళ్ళు తాగడం లేదా అని అడిగాడు. తాగకేం, పూటకో చెంబు మంచం పక్కనే పెడుతున్నానంది కృష్ణమ్మ. ఇంటికొచ్చాక అనుమానం వచ్చి కిటికీ బయటికి తొంగి చూసింది. ఎండాకాలంలోనూ గోడ వారన నేల తడిగా ఉంది.

"నీళ్ళు యాల పారబోస్తాండావే?"

శ్వేత దుప్పటి అంచు వేళ్ళకు చుట్టుకుంది. "తాగితే దొడ్లోకి ఎత్తుకుపోవల్ల గదమ్మా. ఇప్పుడు రోజుకు రెండుసార్లే ఎత్తుతాండావు. నీకు తగ్గింది గదా."

కృష్ణమ్మ మంచం పట్టె మీద కూలబడింది. సూదులూ కాదు, కాపడమూ కాదు. ఐదు వారాలుగా తన తల తేలికైంది బిడ్డ దప్పికతో.

మరుసటి గురువారం ఆమె కుప్పం పోలేదు. పది రోజుల్లో శ్వేత జ్వరం తగ్గింది, కృష్ణమ్మ తలనొప్పి మళ్ళీ మొదటికొచ్చింది. నొప్పి లేదని అబద్ధం చెప్పి చూసింది గానీ, ఆమె కనుబొమల ముడి చూసి శ్వేత కనిపెట్టేసేది.

ఇప్పుడు చెంబు మంచం పక్కన పెట్టి పోవడం మానేసింది. గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూర్చుంటుంది. శ్వేత తల్లి ముఖం చూస్తూ సగం తాగి ఆపేస్తుంది.

"తాగు," అంటుంది కృష్ణమ్మ.

"చాల్లేమ్మా."

కృష్ణమ్మ లేవదు. మిగతా సగం లోపలికి పోయేదాకా, కణతలు రెండు చేతులతో నొక్కుకుంటూ అక్కడే కూర్చుంటుంది.