భర్తలు బయట కూర్చోవాలి

గర్భిణుల పరీక్ష గదిలో పనిచేసేవాళ్ళు అతనికి బంగారు మొగుడని పేరు పెట్టారు. భార్య సంచి తానే మోసేవాడు. ఆమె కూర్చోబోయే కుర్చీని జేబురుమాలుతో తుడిచేవాడు. నర్సు ఏది అడిగినా ఆమె నోరు తెరిచేలోపే తనే జవాబు చెప్పేవాడు. వరసలో ఉన్న ఆడవాళ్ళు తమ మొగుళ్ళను తలుచుకుని నిట్టూర్చేవారు.

ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. తొలి కాన్పు, ఏడో నెల. మొదటిసారి వచ్చినప్పుడు మోచేయి వాచి ఉంది. రెండోసారి దవడ కింద కమిలి ఉంది. రెండుసార్లూ బాత్రూములో జారిపడిందని భర్త చెప్పాడు, ఆమె తల ఊపింది, నర్సు కార్డులో అలాగే రాసింది.

మూడోసారి బీపీ చూద్దామని జాకెట్టు చెయ్యి పైకి మడిస్తే, దండచేయి మీద నాలుగు వేళ్ళ అచ్చు కనిపించింది.

"ఇదేంటమ్మా?" అంది నర్సు.

"మెట్ల మీద పడిందండీ," అన్నాడు భర్త నవ్వుతూ. "కళ్ళు నేల మీద ఉంటేగా ఈవిడకి."

మెట్లకు వేళ్ళుంటాయా? నర్సుకు అరికాలి మంట నెత్తికెక్కింది. గొంతులో మాత్రం ఆ మంట తెలియనివ్వలేదు.

"బిడ్డ గుండె చప్పుడు వినాలి. మీరు బయట కూర్చోండి."

"ఎప్పుడూ లేని రూలు కొత్తగా వచ్చిందేంటి?"

"ఎప్పట్నుంచో ఉంది. నేనే పట్టించుకోలేదు."

అతను బయటికి వెళ్ళగానే ఆయా తలుపుకు అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుంది. ఆమె కూర్చుంటే గాలి కూడా పర్మిషన్ అడిగి లోపలికి రావాలని ఆసుపత్రిలో జోకు.

లోపల మంచం మీద పడుకోబెట్టి, కడుపు మీద మిషను ఆనించి, నర్సు మెల్లగా అడిగింది. "కొడుతున్నాడా?"

 ఆమె మోచేతుల మీద లేచి కూర్చుంది.

"ఇప్పుడడుగుతున్నారా? రెండుసార్లు వచ్చాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి నిలబడుంటే, ఎలా తగిలిందమ్మా అని అడిగారు. ఏం చెప్పమంటారు? మళ్ళీ ఆయనతోనేగా ఇంటికెళ్ళాలి. జారిపడిందని మీ చేత్తో మీరే రాశారు. ఇంటికెళ్ళాక ఆ కార్డు నా మొహం మీద ఆడించి నవ్వాడు. ఆసుపత్రి వాళ్ళే రాసిచ్చారు, ఇంక ఎవరు నమ్ముతారే నిన్ను అన్నాడు."

నర్సుకు చెంప చెళ్ళుమన్నట్టయింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు. 

"తప్పు నాది," అంది. "ఇప్పుడు చెప్పు. రాస్తాను."

"మొన్న కడుపు మీద తన్నాడు. అప్పట్నుంచి బిడ్డ సరిగ్గా కదలట్లేదు."

నర్సు మిషను మళ్ళీ కడుపుకు ఆనించింది. గుండె చప్పుడు వినిపించింది. నర్సు ఊపిరి పీల్చుకుంది. "నీకిప్పుడు ఏం కావాలి?"

"కేసు సంగతి తర్వాత. ముందు ఆయనతో ఇంటికెళ్ళను. మా అక్కతో మాట్లాడాలి. నా ఫోను ఆయన జేబులోనే ఉంటుంది."

నర్సు తన ఫోను ఇచ్చింది. ఆమెకు అక్క నంబరు నోటికి వచ్చు. ఆమె మాట్లాడుతుండగా నర్సు ఏ దెబ్బ ఎక్కడుంది, ఎంతుంది, ఏ రంగులో ఉందో రాసింది. భర్త తన్నాడని ఆమె చెప్పిన మాట ఆమె చెప్పినట్టే రాసింది. చివర ఇంకో వాక్యం చేర్చింది: పాత రెండు నమోదులూ భర్తను పక్కన పెట్టుకుని అడిగి రాసినవి, వాటిని నమ్మవద్దు.

డాక్టరు ఆ కాగితం చదివి నీళ్ళు నమిలాడు. "మొగుడూ పెళ్ళాల మధ్య మనం వేలు పెట్టడమెందుకు సిస్టర్? రేపు వాళ్ళు ఒకటైపోతారు, మనం చెడ్డవాళ్ళమవుతాం. దెబ్బ తగిలిందని మాత్రం రాసి వదిలేయండి."

"ఇదే మనిషిని రోడ్డు మీద బండి గుద్దితే అడ్మిట్ చేసేవారా, కాదా? రిపోర్టు రాసేవారా, కాదా? మొగుడు తన్నితే దెబ్బ మెత్తగా తగులుతుందా సార్?"

"గొంతు తగ్గించండి."

"తగ్గించను. బిడ్డ కదలికలు తగ్గాయి. సంతకం పెట్టండి. లేదంటే పెట్టనని రాసివ్వండి, అదీ ఫైల్లో పెడతాను."

డాక్టరు ఆమె వైపు చూడకుండా సంతకం పెట్టాడు.

వార్డులో చేర్చుకున్నారని చెప్పగానే బంగారు మొగుడి మొహం మారిపోయింది. "నా పెళ్ళాన్ని నన్నడక్కుండా ఎలా చేర్చుకుంటారు?" అంటూ ఆయా కూర్చున్న స్టూలును కాలితో తన్నాడు. వరసలోని ఆడవాళ్ళంతా ఆ కాలి వైపే చూశారు. ఆయా తూలి, గోడ పట్టుకుని లేచి, మళ్ళీ తలుపు దగ్గరే నిలబడింది. సెక్యూరిటీ వాళ్ళు అతన్ని గేటు దాటించేదాకా నర్సును చూపిస్తూ నీ అంతు చూస్తానని అంటూనే ఉన్నాడు.

సాయంత్రానికి అక్క వచ్చింది. మూడు రోజులు వార్డులో ఉంచారు. బిడ్డ మళ్ళీ కదలసాగింది. మూడో రోజు పోలీసులను పిలిపించమని ఆమే అడిగింది. ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పింది, మధ్యలో ఎక్కడా ఏడవలేదు. తర్వాత అక్కతో వెళ్ళిపోయింది.

తన కాపురం కూల్చిందని నర్సు మీద భర్త పైవాళ్ళకు ఫిర్యాదు చేశాడు. సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. అతన్ని బయట కూర్చోబెట్టిన మాట నిజమే, ఇకనుంచి అందరినీ కూర్చోబెడతాను అని నర్సు జవాబు రాసింది. అన్నట్టుగానే తలుపు మీద బోర్డు పెట్టించింది. కొందరు మగవాళ్ళు సణిగారు, కొందరు చక్కగా వెళ్ళి కూర్చున్నారు.

రెండు నెలల తర్వాత నర్సుకు ఫోను వచ్చింది.

"ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల మూడొందలుంది. బాగానే ఉంది."

"అతను?"

"బెయిలు మీద తిరుగుతున్నాడు. మా వీధి చివర నిలబడి చూస్తుంటాడు. అక్క రోజూ స్టేషనుకు ఫోను చేస్తోంది."

నర్సు పళ్ళు బిగబట్టింది. తర్వాత "నా మీద కోపం తగ్గిందా?" అని అడిగింది.

"తగ్గలేదు," అందామె. "పాపకి టీకాలు మాత్రం మీ దగ్గరే వేయిస్తాను."