మూడు పూతల ఎర్రదీపం

కారుకు వెనక ఎడమ మూలన ఉండే ఎర్రదీపాన్ని నేను. దీపాన్నని చెప్పుకోవడం ఇప్పుడు సగమే నిజం. కింది సగం పగిలిపోయింది. బల్బు ఉండాల్సిన చోట రెండు తీగలు వేలాడుతున్నాయి. మిగిలిన సగం మీద నల్లరంగు. జమ్మికుంట దగ్గర ఒక ఊళ్లో, లచ్చవ్వ ఇంటి గోడ గూట్లో, పసుపు డబ్బా పక్కన ఉంటున్నాను. ఈ ఇంట్లో నన్నెవరూ ముట్టుకోరు, పారేయరు కూడా. చిన్నపిల్ల చెయ్యి చాపితే మాత్రం వాళ్లమ్మ గబుక్కున వచ్చి ఎత్తుకుపోతుంది, అంచులు పదునుగా ఉన్నాయని.

నేను పుట్టింది ఎక్కడో దూరాన, ఒక పెద్ద షెడ్డులో. ఎర్ర ప్లాస్టిక్ గింజలను కరిగించి అచ్చులోకి వదిలితే నేనూ, నా జంట కుడివైపుదీ ఒకేసారి బయటపడ్డాం. నా లోపలంతా సన్నని గాట్లు పెట్టారు. బల్బు వెలుగు ఒకచోటే కుప్పపడకుండా వెనకొచ్చే అందరి కళ్లకూ పంచడానికట. వేళ్లకు టేపు చుట్టుకున్న ఒక అమ్మాయి నన్ను వెలిగించి, పది అడుగులు వెనక్కి నడిచి చూసి తలూపింది. పట్టపగల్లాంటి ట్యూబులైట్ల కింద కనిపిస్తేనే తలూపాలని ఆమెకు ఎవరో గట్టిగానే నేర్పారు.

నన్ను బిగించిన కారును మొదట కొన్నది హనుమకొండలో ఒక పోస్టాఫీసు ఉద్యోగి. కోడిపిల్ల అడ్డొచ్చినా బ్రేకు వేసేవాడు, అడ్డొస్తుందేమో అనిపించినా వేసేవాడు. ఆయన దగ్గరున్న ఎనిమిదేళ్లూ నేను వెలుగుతూనే ఉన్నాను. వెనకొచ్చేవాళ్లు ఆయన్ని తిట్టని రోజు లేదు. వచ్చి తగిలినవాడూ ఒక్కడు లేడు. కంటి ఆపరేషన్ అయ్యాక ఆయన కారును అమ్మేశాడు. సంపత్ కొన్నాడు.

సంపత్‌ది జమ్మికుంటలో సెల్‌ఫోన్ల దుకాణం. ఫోను మీద అద్దం అంటిస్తే ఒక్క గాలిబుడగ ఉండదని అతనికి పేరు. ఏ వస్తువు చేతికొచ్చినా దాని మీద ఇంకోటి అంటించకపోతే అతనికి తోచదు. కొన్నది కొన్నట్టే ఉంటే అది ఎవరిదైనా కావచ్చు, మన చెయ్యి పడితేనే మనదవుతుంది అంటుండేవాడు. కారు నల్లది. చక్రాలకు నలుపు వేశాడు, కంపెనీ పేరున్న బిళ్లకు నలుపు వేశాడు, ఇక మిగిలింది మేమిద్దరం. ఫోనులో ఎవరో దీపాలకు నల్లరంగు కొట్టుకునే పద్ధతి చూపిస్తుంటే అన్నం తింటూ పదిసార్లు చూశాడు.

అతని భార్య రజితకు ఇది మొదటి నుంచీ నచ్చలేదు. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయినా ఆమెకు భయపడటంలో పెద్ద చదువే ఉంది. ఏడాదిన్నర పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే మనిషి. పాప మింగుతుందని ఇంట్లో గుండీ ఊడిన చొక్కా కనిపిస్తే ఆ గుండీ దొరికేదాకా మంచాలు జరుపుతుంది. వెనకొచ్చేవాళ్లకు కనపడొద్దా అని రెండుసార్లు అడిగింది. సంపత్ నవ్వి, నీకు గాలి వీచినా భయమే అన్నాడు. ఆ మాట నిజం కూడా కావడంతో ఆమె మూడోసారి అడగలేదు.

ఒక ఆదివారం మమ్మల్ని ఊడదీసి, సబ్బునీళ్లతో కడిగి, తడి గరుకు కాగితంతో రుద్దాడు. ఎన్నో ఏళ్లుగా మెరుస్తున్న నా ఒళ్లు గీకుతుంటే ఎలా ఉంటుందో చెప్పను. డాబా మీద పాత పేపర్లు పరిచి, డబ్బా ఊపి, పిచికారీ కొట్టాడు. ఒక పూత చాలని డబ్బా మీద రాసే ఉంది. అయితే మొదటి పూత ఎండాక నా మీద చుక్కలు చుక్కలుగా మచ్చ తేలింది. గాలిబుడగను కూడా ఓర్చుకోలేనివాడు మచ్చను ఓర్చుకుంటాడా? రెండోది కొట్టాడు. మచ్చ పోయింది గాని నా జంట కంటే నేను నల్లగా కనిపించాను. ఇద్దరినీ సమానం చేయడానికి మూడోది. ఆ తర్వాత మేం నున్నగా, నల్లద్రాక్షల్లా ఉన్నామని వీధివాళ్లు కూడా మెచ్చుకున్నారు.

తిరిగి బిగించేసరికి పొద్దుగూకింది. సంపత్ కారులో కూర్చుని, రజితను గేటు దగ్గర నిలబడి చూడమన్నాడు. చంకలో పాప ఆకలికి ఏడుస్తోంది. పొయ్యి మీద దానికి ఉగ్గు ఉడుకుతోంది. అతను బ్రేకు నొక్కాడు. మసక చీకట్లో మేం కణకణలాడే బొగ్గుల్లా వెలిగాం. నిజం చెప్పొద్దూ, అంత అందంగా మేం ఎప్పుడూ లేం.

"కనవడ్తందా?" అని అడిగాడు.

"ఆ, ఎర్రగ కనవడ్తంది," అని చెప్పి రజిత లోపలికి పరిగెత్తింది, ఉగ్గు అడుగంటుతుందని.

నెల తిరక్కుండా పాప పుట్టువెంట్రుకలు తీయించడానికి వేములవాడ వెళ్లారు. ఎండాకాలం. కారులో సంపత్, రజిత, పాప, అత్త రాజవ్వ, ఇద్దరు ఆడబిడ్డలు, వాళ్ల సామాన్లు. మేనమామ లేకుండా వెంట్రుకలు తీయరు కదా. రజిత తమ్ముడు ఓదెలుకు కారులో చోటు లేక మోటారుసైకిల్ మీద వెనకాలే వచ్చాడు. ఇరవై ఆరేళ్ల పిల్లగాడు, ఒక ప్రైవేటు బడి బస్సు నడుపుతాడు. ఒళ్లో మేనకోడల్ని కూర్చోబెట్టుకుని, మొదటి కత్తెర అతనే వేయించాడు. గంధం పూసిన బోడిగుండుతో పాప ఏడుస్తుంటే తన గుండు కూడా చూపించి నవ్వించాడు. మేనకోడలికి తోడని తనూ తీయించుకున్నాడు మరి.

తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం ఒంటిగంట. ఆ దారిలో వరి కోతలయ్యాయి, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు, అంచుకు రాళ్లు పేర్చారు. మిగిలిన సగంలోనే బండ్లన్నీ వెళ్లాలి. పాప రజిత తొడల మీద నిలబడి వెనక అద్దంలోంచి మేనమామను చూస్తోంది. ఓదెలు కారు వెనకే వస్తూ దానికి తల ఊపి చూపిస్తున్నాడు. వడ్లు కాళ్లతో తిరగేస్తున్న ముసలమ్మ ఒకామె ఉన్నట్టుండి రాళ్లు దాటి రోడ్డు మీదికి వచ్చింది.

సంపత్ బ్రేకు తొక్కాడు. నేను వెలిగాను. ఈ మాట నన్నెవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. నాలో బల్బు ఎప్పటిలాగే మండింది, వెలుగు గాట్లలోంచి పరుగెత్తి వచ్చింది, నలుపు దగ్గర ఆగిపోయింది. పైన ఎండ. ఓదెలు నేరుగా నా వైపే చూస్తున్నాడు. అతని ముఖంలో ఏ మార్పూ లేదు. నవ్వు అలాగే ఉంది. మా మధ్య రెండు బారల దూరం మిగిలినప్పుడు మారింది. అప్పుడు పక్కకు తిప్పబోయాడు. చక్రం వడ్ల మీద జారి, నా మీదికే వచ్చాడు.

మోకాలి కింద ఎడమకాలు రెండు చోట్ల విరిగింది. మడమ నుజ్జయింది. కారులో అందరూ బాగానే ఉన్నారు.

ఆసుపత్రి దగ్గర చుట్టాలు మూగి, పట్టపగలు ఎదురుగా ఉన్న కారును ఎట్లా చూడలేదని అడుగుతుంటే, సంపత్ నోట్లోంచి ఒక మాట వచ్చింది. ఒక చుక్క వేసుకున్నట్టున్నాడు అన్నాడు. అతను చెడ్డవాడని నేను అనను. భయపడ్డాడు. భయపడ్డ మనిషి చేతికి ఏది దొరికితే అది అడ్డం పెట్టుకుంటాడు, అతనికి బావమరిది దొరికాడు. సాయంత్రానికి ఆ చుక్క సీసా అయింది. మూడో రోజుకు బడికి చేరింది. తాగి బండి నడిపేవాడి చేతిలో పిల్లల్ని పెట్టలేం, కాలు బాగైనా ఇక రావొద్దని బడివాళ్లు కబురు పంపారు.

ఆ కబురు విన్నప్పుడు రజితకు బడివాళ్ల మీద కోపం రాలేదు. అదే ఆమెను ఎక్కువ కాల్చింది. తాగే డ్రైవర్ బస్సులో తన పాపనైతే తనూ ఎక్కించదు.

ఇంటికొచ్చిన మర్నాడే సంపత్ మమ్మల్ని పీకి, కొత్త జత బిగించాడు. నా జంటను థిన్నర్ పోసి రుద్ది, రంగు పోగొట్టి ఎవరికో ఇచ్చేశాడు. నన్ను సిమెంటు సంచిలో చుట్టి స్నానాల గది వెనక పడేశాడు. పాప బట్టలు ఉతకడానికి వచ్చిన రజిత ఆ సంచి విప్పింది. పగిలిన ముక్కను రెండు చేతులతో పట్టుకుని కంటికి దగ్గరగా పెట్టుకుంది. ఎండ వైపు తిప్పింది. తర్వాత నన్ను కొంగులో చుట్టి, పాపకు బిగుతైపోయిన గౌన్ల మూటలో దాచింది. అక్కడి నుంచి ఇంట్లో మాటలన్నీ నాకు వినిపించేవి.

ఆమె అడిగింది, ఏడ్చింది, రెండు రోజులు అన్నం మానేసింది. సంపత్ అరవలేదు. అరిచి ఉంటే ఆమెకు సులువయ్యేదేమో.

"దవాఖాన ఖర్చంత నేనే పెట్టుకుంట," అన్నాడు మెల్లగా. "లైట్ల సంగతి బయటపడితే నా మీద కేసైతది. నీ బిడ్డ తండ్రిని ఠాణా మెట్లెక్కిస్తవా? వాని మీద ఒక్క మాట ఉంటే ఏమైతది రజితా?"

ఆమె పాప వైపు చూసి ఊరుకుంది. ఊరుకున్న ప్రతి రాత్రీ మూట విప్పి నేను ఉన్నానో లేనో తడిమి చూసుకునేది.

పదిహేనో రోజు ఓదెలు తల్లి లచ్చవ్వ తన ఊళ్లో పంచాయితీ పెట్టించింది. కొడుకు విరిగిన కాలు గురించి కాదు, తాగాడన్న మాట గురించి. గ్రామపంచాయతీ వరండాలో పెద్దమనుషులు కూర్చున్నారు. వాళ్లలో వీరస్వామి అని, ముప్పై ఏళ్లు లారీ నడిపి మానుకున్న ముసలాయన ఉన్నాడు. ఆయన మాటను బడివాళ్లు కూడా తీసెయ్యరు. ఓదెలును కుర్చీలో మోసుకొచ్చి, పట్టీ కట్టిన కాలు స్టూలు మీద పెట్టారు. సంపత్ తల్లితో కారులో వచ్చాడు. రజిత పాపను భుజాన వేసుకుని, సంచి చేత్తో పట్టుకుని అత్త వెనక నిలబడింది. సంచిలో పాలసీసా, టోపీ, గౌనులో చుట్టిన నేను.

వీరస్వామి ఓదెలునే అడిగాడు, ఏం జరిగిందో చెప్పమని.

"నేను తాగలే పెద్దబాపూ. చిన్నదాన్నీ, బండినీ చూసుకుంటనే వస్తున్న. బావ బండి ఆపినట్టు నాకు కనవడలే."

అక్కడున్నవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మిట్టమధ్యాహ్నం, కళ్లముందు కారు ఆగితే కనబడలేదంటే ఇంకేముంది, వేరే సాక్ష్యం ఎందుకు అని ఎవరో గొణిగారు. అతను చెప్పిన నిజమే అతన్ని ముంచుతోంది. ఓదెలు తల దించుకున్నాడు. సంపత్ కూడా దించుకున్నాడు.

రజిత ముందుకు కదిలింది. రాజవ్వ ఆమె కొంగు పట్టుకుని వెనక్కి లాగింది. పాప బరువుకు ఒకవైపు ఒరిగిపోతూనే కొంగు విడిపించుకుని, సంచిలోంచి నన్ను తీసి వీరస్వామి చేతిలో పెట్టింది.

"ఇది మా కారు లైటు. ఎండల పట్టి చూడు పెద్దబాపూ."

ఆయన వరండా దిగి, నన్ను సూర్యుడికి అడ్డం పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత పక్కాయనకు ఇచ్చాడు. నేను చేతులు మారుతూ వెళ్లాను. నన్ను ఇంతమంది ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

"సూర్యుడే దీంట్లకెళ్లి బీడీ నిప్పంత ఉన్నడు," అన్నాడు వీరస్వామి. "బల్బెంత?"

రజిత పెద్దమనుషుల వైపు తిరిగింది. "కనవడ్తందని నేనే జెప్పిన. మసక చీకట్ల చూసి జెప్పిన. ఎండల నిలవడి చూస్తే తెలుస్తుండె. నా తమ్ముడు తాగలే. నేను వెనక అద్దంలకెళ్లి వాని మొఖమే చూస్తున్న. వాడు లైటు దిక్కే చూస్తుండు. ఏం కనవడితే ఆగుతడు?"

తర్వాతి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వీరస్వామి స్వయంగా బడికి వెళ్లి మాట్లాడాడు. తాగాడన్న మాట పోయింది, కాలు బాగుకాగానే రమ్మన్నారు. కాలు అతుక్కుంది గాని మడమ వంగడం లేదు. క్లచ్ తొక్కాల్సింది ఆ కాలితోనే. ఓదెలు రోజూ పొద్దున గుమ్మంలో కూర్చుని, ఇటుక మీద పాదం పెట్టి నొక్కుతుంటాడు. లచ్చవ్వ అటు చూడకుండా వాకిలి ఊడుస్తుంది.

ఆ మధ్యాహ్నం మాత్రం పంచాయితీ లేచాక, రజిత నన్ను మళ్లీ గౌనులో చుట్టి, కారు దగ్గరికి నడిచింది. సంపత్ అప్పటికే లోపల కూర్చున్నాడు. రాజవ్వ వెనక తలుపు వేసుకుంది. రజిత ముందు తలుపు పిడి మీద చెయ్యి వేసింది. సంపత్ లోపలి నుంచి గడియ తీయలేదు. అద్దం కొద్దిగా దించి, ఆమె వైపు చూడకుండా, "నీ తమ్మున్ని చూసుకో," అన్నాడు. కారు కదిలింది.

ఆమె రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. భుజం మీద పాప నిద్రపోతోంది. గుండు మీద గరుకుగా వెంట్రుకలు మొలుస్తున్నాయి. ఎండ తగులుతుందని ఆమె చెయ్యి దానంతటదే పాప తల మీదికి వెళ్లింది. ఊరి చివర మలుపు దగ్గర కారు నెమ్మదించింది. కొత్త దీపాలు రెండూ భగ్గుమన్నాయి. అంత ఎండలోనూ, అంత దూరానికీ ఎర్రగా, స్పష్టంగా కనిపించాయి.

రజిత గబగబా నాలుగడుగులు వేసింది.

అక్కడ స్పీడ్ బ్రేకర్ ఉంది. అది దాటగానే దీపాలు ఆరిపోయాయి, కారు మలుపు తిరిగింది.